రాతి మీద రాసిన వైద్యం

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాడికి మెడనొప్పి రావడంలో వింతేమీ లేదు. మొదట్లో లెడ్జర్లు మెడ వంచాయి, తర్వాత కంప్యూటర్లు బిగించాయి. వింతేమిటంటే, బి.కాం. చదివిన ఈ పెద్దమనిషి యాభై ఆరో ఏట పరాయి దేశంలో చాప మీద కూర్చుని మర్దన నేర్చుకోవడం!

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో ఉంటారు. మేమిద్దరం వాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు వాట్ ఫో గుడి చూపించారు. 46 మీటర్ల పొడవున శయనించి ఉన్న బుద్ధుణ్ణి చూసి బయటికి వస్తుంటే, ఆ గుడివారి వైద్య పాఠశాల 1955 నుంచీ ఉందనీ, అక్కడ మర్దన కూడా నేర్పుతారనీ అల్లుడు చెప్పాడు. మొదటి తరగతి ఐదు రోజులు, మొత్తం 30 గంటలు. "ఎలాగూ సెలవు పెట్టారుగా, నేర్చుకోండి. నా మోకాళ్ళకైనా పనికొస్తుంది" అంది మా ఆవిడ. అలా చేరిపోయాను.

మొదటి రోజు పాఠానికి ముందు ఒక ప్రార్థన. అది ఎవరికో తెలిసి ఆశ్చర్యపోయాను. వాళ్ళు శివగో కోమారపజ్ అని పిలుచుకునే ఆ వైద్యగురువు మన జీవకుడే! రాజగృహంలో పుట్టి, తక్షశిలలో ఏడేళ్ళు చదివి, బుద్ధుడికి వైద్యం చేసినవాడు. చదువు ముగిసిందా అని అడిగితే గురువుగారు, "ఊరి చుట్టూ యోజనం దూరం తిరిగి, మందుకు పనికిరాని మొక్కను పట్టుకురా" అన్నారట. జీవకుడు ఉత్త చేతులతో తిరిగి వచ్చాడట. థాయి మర్దనకు మూలపురుషుడు ఆయనే అని వారి నమ్మకం.

ఇక పాఠం. నూనె లేదు. మనిషి వదులు బట్టలతో చాప మీద పడుకుంటాడు. పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. వేళ్ళ బలంతో నొక్కకూడదు, మన ఒంటి బరువును మెల్లగా మోపాలి. ఈ ఒక్కటీ నాకు పట్టుబడడానికి రెండు రోజులు పట్టింది. శరీరంలో పది ముఖ్యమైన దారులున్నాయని వాళ్ళ శాస్త్రం. వాటిలో మూడింటి పేర్లు ఇత్థా, పింగ్‌ఖలా, సుమనా. మన ఇడ, పింగళ, సుషుమ్నలు కొత్త ఉచ్చారణలో వినబడ్డాయి.

ఎవరిని ముట్టుకోకూడదో కూడా పంతులమ్మ గట్టిగా చెప్పింది. జ్వరం ఉన్నవారిని, ఎముక విరిగినవారిని, పిక్క వాచి వేడిగా ఎర్రబడ్డవారిని డాక్టరు దగ్గరకు పంపాలి. గర్భిణుల సంగతి పూర్తిగా వేరే చదువు.

నాలుగో రోజు మందుమూట చూపించింది. పసుపు, ప్లై అనే అల్లం జాతి దుంప, నిమ్మగడ్డి, చింతాకు, శీకాయ ఆకు, కర్పూరం, ఉప్పు. దంచి గుడ్డలో మూటకట్టి, ఆవిరి మీద వేడిచేసి కాపడం పెడతారు. సగం సరుకులు మన వంటింట్లో ఉన్నవే. ఇంతలో ఆవిడ నవ్వుతూ, "మీది శివగో పుట్టిన దేశం కదా, మీ ఇంట్లో ఈ మూట ఎలా కడతారు?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. బరంపురంలో మా అమ్మ మోకాళ్ళ నొప్పులకు నూనె కాచేది. వీధి వీధంతా గిన్నెలు తెచ్చుకుని పట్టుకెళ్ళేవారు. ఆ వాసనకు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తినవాణ్ణి నేను. అందులో ఏమేమి వేసేదో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ సాయంత్రం మళ్ళీ గుడికి వెళ్ళాను. మూడో రామ రాజు 1830లలో ఈ గుడిని బాగుచేయిస్తూ వైద్యం, మర్దన, సాహిత్యం వంటి విద్యలన్నిటినీ పలకరాళ్ళ మీద చెక్కించాడు. అలాంటి శాసనాలు 1,400కు పైగా ఉన్నాయి. మనిషి బొమ్మ గీసి, ఏ నొప్పికి ఎక్కడ నొక్కాలో గీతలతో చూపించిన పలకలే 60. చదవగలిగిన ఎవరైనా చదువుకోవచ్చు. 2011లో యునెస్కో ఈ శాసనాలను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 2019లో థాయి మర్దనకూ గుర్తింపు ఇచ్చింది. బ్యాంకులో మాకు మొదట నేర్పేది, వోచరు లేనిదే లెక్క లేదని. ఆ రాజు వోచరు రాసి పెట్టాడు. మా ఇంట్లో ఎవరూ రాయలేదు.

తిరిగి రాగానే మా మేనత్త దగ్గర కూర్చున్నాను. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. "వావిలాకు రసం పోసి, నువ్వులనూనెలో తేమ ఇగిరేదాకా కాచేదిరా. ఇంకేదో వేరు కూడా వేసేది. దాని పేరు మీ అమ్మకే తెలుసు" అంది. అమ్మ పోయి పదకొండేళ్ళయింది.

మనం తరతరాలుగా తెలుగునాడుకు వెలుపల ఉంటున్నవాళ్ళం. భాష పోతుందని సంఘాలు పెట్టుకున్నాం, పిల్లలకు పద్యాలు నేర్పుతున్నాం. మరి ఇంటి వైద్యం మాట? అందుకే ఒక మనవి. ఇంట్లో పెద్దవారుంటే ఈ ఉగాదిలోగా ఒక నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. మొక్క పేరు, ఏ భాగం, ఎంత, ఎవరికి పనికిరాదు, అన్నీ రాయండి. స్థానికుల మాట కూడా పక్కనే రాయండి. వావిలిని తమిళులు నొచ్చి అంటారు, కన్నడిగులు లక్కి, మరాఠీవారు నిర్గుడి, ఒడియావారు బెగునియా. పేరు తెలియకపోతే పెరట్లో ఉన్న చెట్టు కూడా పరాయిదే. ఒక్క జాగ్రత్త: రాసుకోమన్నాను గాని, కడుపులోకి పుచ్చుకునే మందులను వైద్యుణ్ణి అడగకుండా వాడమనలేదు.

నా మెడ సంగతంటారా? ఎవరి మెడ వారు పట్టుకోలేరని ఐదో రోజుకు తెలిసింది. మా ఆవిడ మోకాళ్ళు మాత్రం కాస్త నయం. నా నోటుపుస్తకంలో మొదటి పేజీ అమ్మ నూనెదే. ఆ వేరు పేరు దగ్గర ఒక గీత ఖాళీగా వదిలాను. మీలో ఎవరింట్లోనైనా అలాంటి నూనె కాచేవారుంటే, దయచేసి పత్రికకు ఒక ఉత్తరం రాయండి.