దాచిన కార్డుముక్క

లండనులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న సెలవుకు వచ్చి, "మాస్టారూ! మీకు శ్లేష అంటే ప్రాణం కదా, ఇది చూడండి" అంటూ ఒక పాత బొమ్మకార్డు నా చేతిలో పెట్టాడు.

బొమ్మలో ఒక యువకుడు, పక్కన ఒక పడుచు. కిప్లింగు అంటే ఇష్టమేనా అని అతగాడి ప్రశ్న. అతని ఉద్దేశం 1865లో మన బొంబాయిలో పుట్టిన కవి రడ్యార్డ్ కిప్లింగు. పాపం, ఆ పిల్లకు కవులతో పరిచయం లేదు. వాకింగు, స్విమ్మింగులాగా ఇదీ ఏదో చేసే పని కాబోలనుకుంది. అలాంటిది తానెన్నడూ చేసి ఎరగనని జవాబిచ్చింది. అంతే!

ఫక్కున నవ్వాను. ఇంతలో మా అమ్మాయి కాఫీ పట్టుకుని వచ్చింది. కార్డును గబుక్కున చేతిలోని పుస్తకంలోకి దూర్చాను.

ఆ బొమ్మ గీసినవాడు డొనాల్డ్ మెక్‌గిల్. 1875లో లండనులో పుట్టాడు. బడిలో ఆటలాడుతూ దెబ్బతిని ఒక పాదం పోగొట్టుకున్నాడు. ఓడల నమూనాలు గీసే కొలువు చేసి, 1904 ప్రాంతంలో కార్డులకు దిగాడు. మొత్తం సుమారు 12,000 బొమ్మలు గీశాడంటారు. నా చేతికొచ్చిన కార్డే 60 లక్షల ప్రతులు చెల్లిందని ప్రతీతి. అయితేనేం, అమ్మకాలలో ఆయనకు వాటా లేదు. 1962లో పోయేనాటికి మిగిలిన ఆస్తి 735 పౌండ్లు.

సెలవులకు రైలెక్కి సముద్రతీరం చేరిన కూలీలూ, గుమాస్తాలూ ఇంటి దగ్గరివారికి ఈ కార్డులు పంపేవారు. భారీ భార్య, బక్కపలచని భర్త, తాగుబోతు, ఫాదిరీ – ఇవే పాత్రలు. మోతీహారిలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1941లో వీటిపై ఒక వ్యాసం రాశాడు. పెళ్లిని గట్టిగా నమ్మే సంఘంలోనే ఈ వేళాకోళం పండుతుందని ఆయన అభిప్రాయం. నిజమే. గోడ ఉంటేనే కదా, తొంగిచూడడంలో సరదా!

కాని చట్టానికి సరదా లేదు. 1954 జూలైలో, 79 ఏళ్ల మెక్‌గిల్‌ను లింకన్ పట్టణంలో కోర్టుకెక్కించారు. అశ్లీల ప్రచురణలపై 1857 నాటి చట్టం. 50 పౌండ్ల జరిమానా, 25 పౌండ్ల ఖర్చులు. దుకాణదారులు బెదిరిపోయి ఆర్డర్లు రద్దు చేసుకున్నారు.

అన్ని కార్డులూ ముత్యాలేమీ కావు, మోటువీ ఉన్నాయి. అయినా శ్లేషలోని రెండో అర్థం సగం కాగితం మీద, సగం చదివేవాడి బుర్రలో ఉంటుంది. కాగితాన్ని కోర్టుకు లాగవచ్చు. బుర్రనెలా లాగుతారు?

ఇంత ఆలోచించి, పుస్తకం తెరిచాను. మర్నాడు తరగతిలో చెప్పవలసిన ప్రబంధం అది. కార్డు సరిగ్గా నాయికా వర్ణన దగ్గర కూచుంది. ఆ పద్యాలను ఇరవై ఏళ్లుగా, అలంకారాల పేర్లు చెప్పి, నిండు తరగతిలో నిర్భయంగా పాఠం చెబుతున్నాను. వాటిముందు ఈ కార్డు పసిపాప!

మర్యాదగా కార్డు తీసి బల్లమీద పెట్టాను. మా అమ్మాయి చదివి నవ్వింది.

"బాగుంది నాన్నా! ఇందులో తప్పేముంది?"

"ఏమీ లేదమ్మా."

"మరి, ఎందుకు దాచావు?"

చల్లారిన కాఫీ తాగుతూ ఉండిపోయాను.