రచయిత కంఠస్వరము

రచయితలు తమ పుస్తకములను గూర్చియు, కథాకవితలను గూర్చియు పాడ్‌కాస్టులలో గంటలకొలది ముచ్చటించు పద్ధతి మన భాషలోను వేళ్లూనినది. ‘హర్షణీయం’ వంటి వాటిలో కథకులు, అనువాదకులు నింపాదిగా తమ పనిని వివరించుచున్నారు. కాలిఫోర్నియాలో నుండి ‘కౌముది’ మాసపత్రికను నడపుచున్న కిరణ్‌ప్రభ గారు గతించిన మహారచయితల జీవితములను ధారావాహికముగా చెప్పి దేశదేశముల తెలుగువారిని శ్రోతలుగా చేసికొన్నారు. ఇదంతయు చదువ బద్ధకించువారి కాలక్షేపమని పెదవి విరిచెడి పెద్దలతో నేనేకీభవింపజాలను. 1938లో మద్రాసునను, 1948లో విజయవాడలోను రేడియో కేంద్రములు వెలసిన పిమ్మట కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఆకాశవాణి కొలువులో చేరిరేగాని, సాహిత్యమును చెవికి చేర్చుట చిన్నపని యని తలపలేదు. నాటి ప్రసంగములలో అనేకము ప్రసారమైన పూటనే గాలిలో కలిసిపోయినవి. మిగిలిన కొద్దిపాటి ధ్వనిముద్రణలను పరుచూరి శ్రీనివాస్ గారి వంటివారు వెదకి తెచ్చి ‘ఈమాట’ పత్రికలో వినిపించునప్పుడెల్ల, దొరికినదానివలని సంతోషముకన్న దొరకనిదానిని గూర్చిన దుఃఖమే నాకు అధికమగుచుండును.

ఈ నష్టము ఉత్తరాంధ్రమునకు మరింత పెద్దది. ఈ సీమ ఆధునిక రచన పుట్టుకనుండియు వాడుకమాటను నమ్ముకొన్నది. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1909లో పూర్తిగా రూపుమారి వెలువడిన ‘కన్యాశుల్కము’ మొదలుకొని, గిడుగు రామమూర్తి పంతులు గారి వ్యావహారికోద్యమము, చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు మాస్టారి కథల వరకు ఇక్కడి సాహిత్యమున జనుల నోటిమాటయే ప్రాణము. అయినను అచ్చు పలుకునందిచ్చునుగాని, ఆ పలుకును ఎక్కడ సాగదీయవలెనో, ఎక్కడ విరిచి పలుకవలెనో చెప్పలేదు. అనంతపురమువాడు ఆ సంభాషణలను తన యాసలో చదువుకొనును, గుంటూరువాడు తన యాసలో చదువుకొనును; అందు తప్పేమియు లేదు. కాని సిక్కోలు రచయిత తన కథలోని యొక పుటను తానే చదివి వినిపించినచో, ఏ వ్యాఖ్యానమును తెలుపజాలని సంగతులు కొన్ని ఆ పఠనమువలననే శ్రోతకు తెలియును.

ఇట్టి పఠనముతోపాటు సాగు సంభాషణ యనగా ప్రశంస కాదు. పుస్తకావిష్కరణ సభలలోని శాలువాల సంస్కారము పాడ్‌కాస్టులలోనికిని ప్రవేశించినది. “మీకు ప్రేరణ యెవరు?”, “నేటి యువతకు మీరిచ్చు సందేశమేమి?” అను ప్రశ్నలకు పుస్తకము తెరువకయే సమాధానము చెప్పవచ్చును, కావున వానిని అడుగుటయు, వినుటయు వ్యర్థము. రామారావు మాస్టారి 1964 నాటి ‘యజ్ఞం’ కథను తీసికొనుడు. అప్పు తగవు ఊరి పెద్దల యెదుట పుటలకొలది సాగి సాగి, తుదకు సీతారాముడు తన కన్నకొడుకును నరికివేయుటతో ముగియును. ఆ ముగింపు న్యాయమా, ఆ కత్తి ఋణదాత వైపు ఏల తిరుగలేదని విమర్శకులు ఏండ్లతరబడి వాదించుకొనిరి. అడుగవలసిన ప్రశ్న యట్టిది. పుట తెరచి, వాక్యముపై వ్రేలుంచి, “ఇచ్చట ఇట్లేల వ్రాసితిరి?” అని మర్యాద చెడకుండ నిలదీయు శక్తి, పుస్తకమును రెండుమార్లైనను చదివిన వానికే కలుగును.

ఇక శ్రోతల మాట. శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమందలి భావనపాడు రేవునకు వేట నిషేధపు దినములలో, అనగా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల 61 దినములలో, పోయి చూడుడు. ఒడ్డుకు లాగిన బోటు నీడలో, చినిగిన వలను కాలిబొటనవ్రేలికి తగిలించి బిగలాగి, కన్ను తరువాత కన్నుగా కుట్టుకొనుచు కూర్చున్న మనిషికి చేతులు తీరికలేనివి, చూపు తీరికలేనిది. చెవి యొక్కటియే ఖాళీ. ప్రక్కన ఇసుకమీద ఫోను పాడుచుండును. ఆ ఫోనులో తన తీరపు కథయేల వినబడరాదు? ఈ తీరమునుండి గుజరాతులోని వెరావలు రేవునకు వలసపోయి, 2018లో పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారుల వృత్తాంతము ‘తండేల్’ సినిమాకు ఆధారమైనది. భావనపాడు పేరిట తలపెట్టిన ఓడరేవునకు 2023 ఏప్రిల్‌లో మూలపేటలో శంకుస్థాపన జరిగినది. దానికై ఊరు విడువవలసిన కుటుంబముల గోడును ఎవరో ఒకరు కథగా వ్రాయుదురు, వ్రాయవలెను. ఆ కథను గూర్చిన సంభాషణ హైదరాబాదులోని యొక గదిలో గాక ఈ రేవుననే జరుగవలెనని నా కోరిక. రచయిత చదువును, కథలోని మనుష్యులు విందురు, “బావూ, సముద్రం మీద అలగుండదు” అని వారిలో నొకరు దిద్దుదురు. ఆ దిద్దుబాటుకూడ ధ్వనిముద్రణలో నుండవలెను. సముద్రపు హోరు వినబడిన వినబడనిండు.

ఇట్లు ధ్వనిముద్రణ చేసినవాని భద్రతను ఎవరు చూతురు? పాడ్‌కాస్టు నడపువారు అలసి మానుకొన్నను, అద్దె కట్టక ఖాతా మూతబడినను, సంవత్సరముల శ్రమ యొక్కదినమున మాయమగును. దీనికి మార్గము శ్రీకాకుళములోనే యున్నది. రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారముల సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయమును నెలకొల్పి, పాతపత్రికలలో చెల్లాచెదరైన తెలుగు కథలను ఒక్కచోటికి చేర్చిరి. 2021లో వారు గతించిరిగాని ఆ సేకరణ నిలిచి, అంతర్జాలమున అందరికిని అందుచున్నది. అచ్చైన కథకు జరిగిన ఆ మేలు పలికిన కథకును జరుగవలెను. సాహిత్య పాడ్‌కాస్టులు నడపుచున్న ప్రతివారును ప్రతి సంభాషణకు ఒక ప్రతిని, తేదీ, స్థలము, చర్చించిన పుస్తకము పేరు వ్రాసిన చీటీతోసహా అట్టి గ్రంథాలయమునకు అప్పగింపవలెను. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు ఆ ధ్వనిముద్రణల నిలువకు, సూచికకు పూనుకొనవలెను. ఈ సీమలో ఎనుబది దాటిన కవులు, కథకులు ఇంకను మన మధ్యనున్నారు. మొదట వారి యిండ్లకు పోవలెను, ఈ సంవత్సరమే పోవలెను.