ఫాల్స్ సీలింగ్ మూయకముందే ట్రూప్ బజార్‌కి!

ఇంటికి కొత్త హంగులు చేయిస్తున్నప్పుడు అందరూ చివర్లో కొనే వస్తువు ఒకటుంది. టైల్స్ అయిపోయాయి, పుట్టీ అయింది, పెయింట్ మొదటి కోటు పడింది, వార్డ్‌రోబ్‌లకు లామినేట్ అతికింది. అప్పుడు ఎలక్ట్రీషియన్ అంటాడు: "అన్నా, సీలింగ్‌లకు లైట్ పట్టీ తెచ్చియ్యి, రేపు పెట్టేస్త." ఇక ఆ సాయంత్రం ఆఫీసు నుంచి అటునుంచి అటే అబిడ్స్‌కి పరుగు. షాపులో నిలబడి అడిగే ప్రశ్నలు రెండే. "వార్మా, వైటా? మీటర్ ఎంత?"

ఆ రెండు ప్రశ్నలతో కొన్న పట్టీ మొదటి దీపావళికి బాగానే వెలుగుతుంది. రెండో దీపావళి వచ్చేసరికి ఒక మూల పసుపు, ఇంకో మూల తెలుపు, మధ్యలో అడుగు మేర చీకటి. పోనీ మారుద్దామంటే దాని డ్రైవర్ ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పైన జిప్సం బోర్డు, దాని మీద పుట్టీ, ఆపైన పెయింట్. కొన్నప్పుడు అయిన ఖర్చు కంటే విప్పి మళ్లీ మూయడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. ఈఎంఐలు కడుతూ ఇల్లు బాగు చేయించుకుంటున్నవాళ్లకు ఇది మామూలు దెబ్బ కాదు.

అందుకే ఈ వారం ఎల్‌ఈడీ స్ట్రిప్ ముచ్చట. కొనడం చివర్లో కొన్నా పర్లేదు కానీ, ఏది కొనాలో సీలింగ్ మూయకముందే తేల్చుకోవాలి.

ముందు టేపు, తర్వాత మెట్రో

బజారుకు బయల్దేరే ముందు ఒక కొలత కావాలి. హాలు 12 అడుగులు, 14 అడుగులు అనుకుందాం. చుట్టుకొలత 52 అడుగులని చాలామంది అదే లెక్క చెప్పేస్తారు. కానీ పట్టీ పడేది గోడ మీద కాదు, సీలింగ్‌లో కట్టిన గాడిలో. గాడి నాలుగు పక్కలా గోడ నుంచి ఒక అడుగు లోపలికి ఉంటే కొలత 10, 12 అవుతుంది. అంటే చుట్టుకొలత 44 అడుగులు. మీటర్‌కు దాదాపు 3.28 అడుగులు కాబట్టి 13.4 మీటర్లు. పట్టీలు ఎక్కువగా 5 మీటర్ల చుట్టల్లో దొరుకుతాయి. మూడు చుట్టలు తీసుకుంటే 15 మీటర్లు. మిగిలిన మీటరున్నర పారేయకండి. రేపు ఒక ముక్క పోతే అతికించుకోవడానికి అదే రంగు, అదే బ్యాచ్ మళ్లీ దొరక్కపోవచ్చు. మూడు చుట్టలూ ఒకే రోజు, ఒకే బ్యాచ్‌వి తీసుకోవాల్సిందీ అందుకే. పెట్టె మీద రెండింటికీ "వార్మ్ వైట్" అనే ఉన్నా, బ్యాచ్ మారితే పక్కపక్కన వెలిగించినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మెట్రోలో వచ్చేవాళ్లు నాంపల్లిలో దిగి అబిడ్స్ మీదుగా రావచ్చు. లేదా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠి వైపు నుంచి రావచ్చు. అబిడ్స్‌కీ కోఠికీ మధ్యలో బ్యాంక్ స్ట్రీట్, దాన్ని అంటిపెట్టుకుని ట్రూప్ బజార్. స్విచ్చులు, వైర్లు, లైట్లు, నల్లాలు, బాత్రూమ్ సామాన్లు అన్నీ అక్కడే. ఒక్కటే జాగ్రత్త. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పాత పుస్తకాలది, షట్టర్లు చాలావరకు దించే ఉంటాయి. పని దినాల్లోనే వెళ్లండి.

12, 24, 230: ఏ వోల్టు?

షాపులో మొదట అడగాల్సింది రంగు కాదు, వోల్టులు. బజార్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది 230 వోల్టుల రకం. పెద్ద చుట్ట నుంచి మీటర్ల లెక్కన కోసిస్తారు, నేరుగా ఇంటి కరెంటుకు తగిలిస్తారు. చవక, పని తొందరగా అయిపోతుంది. సీలింగ్ వాళ్లకు ఇదంటే ఇష్టం కూడా. కానీ కోసిన కొసలో ఉండేది మామూలు ప్లగ్గులో ఉండే కరెంటే. దానికి మూత సరిగ్గా బిగించకపోతే షాక్ ప్రమాదం ఉంటుంది. పైగా వీటిలో చాలావాటికి సరైన డ్రైవర్ ఉండదు కాబట్టి, సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటుంది. మామూలుగా చూస్తే తెలియదు. రోజూ సాయంత్రాలు ఆ వెలుగులోనే గడిపితే కొందరికి కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది.

రెండోది 12 వోల్టుల రకం, మూడోది 24 వోల్టులది. ఈ రెంటికీ మధ్యలో డ్రైవర్ కావాలి. బజార్లో దీన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. 12 వోల్టులది ఒకే చివర నుంచి 5 మీటర్ల దాకా ఇవ్వొచ్చు. అది దాటితే గల్లీ చివరి ఇంటి నల్లాకు ప్రెషర్ తగ్గినట్టు, పట్టీ చివరకు వెళ్లేకొద్దీ వెలుగు తగ్గిపోతుంది. పట్టీలో ఉండే రాగి పొర చాలా పల్చన, అంత కరెంటును అంత దూరం మోయలేదు. అదే వాట్లకు 24 వోల్టుల్లో కరెంటు సగమే పారుతుంది. అందుకే చివర మసకబారడం బాగా తగ్గుతుంది. వార్డ్‌రోబ్‌లోకో, టీవీ వెనక్కో, రెండు మూడు మీటర్లకు 12 చాలు. హాలు చుట్టూ అయితే 24 అడగండి.

ఏ వోల్టుదైనా చుట్టలను ఒకదాని కొసకు ఒకటి కలిపి రైలు పెట్టెల్లా సాగదీయొద్దు. ఒక్కో చుట్టకు డ్రైవర్ నుంచి విడిగా వైరు రావాలి. ఈ వైర్లు లాగాల్సింది బోర్డు బిగించకముందు. సీలింగ్ మూశాక ఎలక్ట్రీషియన్‌కు మిగిలేది ఒకటే దారి, కొసకు కొస అతికించడం.

డ్రైవర్ లెక్క

పట్టీ పెట్టె మీద "మీటరుకు ఇన్ని వాట్లు" అని ఉంటుంది. లేకపోతే అడగండి. చెప్పలేకపోతే పక్క షాపుకు వెళ్లండి. మీటరుకు 10 వాట్లు అనుకుంటే మన 13.4 మీటర్లకు 134 వాట్లు. డ్రైవర్ ఎప్పుడూ నిండా మోయకూడదు, పాతిక శాతం ఖాళీ ఉంచాలి. అంటే దాదాపు 168 వాట్లు.

బజార్లో మాత్రం వాట్లలో చెప్పరు. "పాంచ్ యాంప్ చాహియే, దస్ యాంప్ చాహియే?" అంటారు. వోల్టుల్ని యాంప్స్‌తో గుణిస్తే వాట్లు. 24 వోల్టులు, 10 యాంప్స్ అంటే 240 వాట్లు, మనకు సరిపోయి మిగులుతుంది. లేదంటే 5 యాంప్స్‌వి రెండు తీసుకుని పట్టీని సగం సగం పంచండి. ఒకటి పోయినా హాలు సగం వెలుగుతూనే ఉంటుంది.

డబ్బు తగ్గించుకోవాలనుకుంటే పట్టీలో తగ్గించండి, డ్రైవర్‌లో వద్దు. మన దేశంలో ఎల్‌ఈడీ డ్రైవర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డ్రైవర్ మీద ఆర్ అనే అక్షరం, ఆ వెనక 8 అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీ పేరు మీద ఉందో తెలుస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

అమ్మ చీర పరీక్ష

ఇప్పుడు రంగు సంగతి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. 2700 నుంచి 3000 వరకు పసుపు ఛాయ, 4000 దగ్గర మధ్యస్థం, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. అంకె పెరిగేకొద్దీ వెలుగు చల్లబడుతుంది. పడకగదికి, హాలు గాడికి 3000 హాయిగా ఉంటుంది. వంటగది గట్టు మీద, చదువుకునే బల్ల దగ్గర 4000 బాగుంటుంది. 6500 ఇంట్లో పెడితే మెడికల్ షాపులో కూర్చున్నట్టుంటుంది. అయినా చాలామంది అదే కొంటారు. షాపులో పక్కపక్కన వెలిగిస్తే అదే ఎక్కువ ధగధగలాడుతుంది మరి.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ అడగరు. సీఆర్‌ఐ. చీర కొనేటప్పుడు అమ్మ ఏం చేస్తుంది? షాపులో లైట్ల కింద ఎంత బాగున్నా నమ్మదు. గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తుంది. ఎండలో కనిపించే రంగుకు ఈ లైటు ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకే సీఆర్‌ఐ. నూటికి 80 ఉంటే గాడిలోకి చాలు. అద్దం దగ్గర, వంటగదిలో, బట్టల అల్మరాలో 90 ఉండాలి. లేకపోతే టమాటా కూడా వాడిపోయినట్టే కనబడుతుంది, మన ముఖం సంగతి సరేసరి.

గేమింగ్ టేబుల్ వెనక రంగులు మారే పట్టీ పెట్టేవాళ్లకు ఒక మాట. ఎరుపు, పచ్చ, నీలం మాత్రమే ఉన్న పట్టీ ఆ మూడింటినీ కలిపి తెలుపు చూపిస్తుంది. ఆ తెలుపు చదువుకోవడానికి పనికిరాదు. తెల్ల ఎల్‌ఈడీ విడిగా ఉన్న రకం అడగండి.

చుక్కల విషయం కూడా చూసుకోండి. గాడిలో దాక్కునే పట్టీకి మీటరుకు 60 ఎల్‌ఈడీలున్నా పర్లేదు, మనకు కనిపించేది సీలింగ్ మీద పడిన వెలుగే. అదే వంటగది అల్మరా కింద పెడితే, కింద ఉన్న నల్ల గ్రానైట్ అద్దంలా చుక్కచుక్కనూ చూపిస్తుంది. అక్కడ సీఓబీ రకం కావాలి, లేదా పాల రంగు మూత ఉన్న అల్యూమినియం చానల్. చానల్ వేడిని కూడా లాగేస్తుంది కాబట్టి పట్టీ ఎక్కువకాలం నిలుస్తుంది. గాడిలో కూడా పట్టీని నేరుగా పీవోపీ మీద అతికించనివ్వకండి. ఆ పొడికి జిగురు నిలవదు, ఆర్నెల్లకు వేలాడుతుంది. సింక్ దగ్గరా, బాల్కనీలో ఐపీ65 ఉన్నది తీసుకోండి.

షాపులోనే ఫోన్ తీయండి

పూర్తి 5 మీటర్లూ వెలిగించమనండి. చుట్టగానే ఎక్కువసేపు వెలిగిస్తే వేడెక్కుతుంది కాబట్టి విప్పి చూపించమనండి. మొదటి అడుగునూ చివరి అడుగునూ పక్కపక్కన పెట్టి చూడండి. వెలుగులో తేడా కొట్టొచ్చినట్టు ఉంటే వద్దు. తర్వాత ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వీడియోలో వెలుగు టపటపా కొట్టుకుంటుంటే అది మీ కంటికి మంచిది కాదు. ఇవన్నీ చేస్తుంటే షాపతను విసుక్కుంటాడేమో అనుకోవద్దు. సరుకు మీద నమ్మకమున్నవాడు "దేఖో సాబ్, ఆరామ్‌సే దేఖో" అంటాడు. బిల్లు మాత్రం మర్చిపోకండి, వారంటీ అడిగేటప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

నుమాయిష్ రాత్రి

2019 జనవరి 30 రాత్రి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ మంటల్లో చిక్కుకుంది. వరసలకు వరసలు స్టాళ్లు కాలిపోయాయి. షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుందని అప్పట్లో అనుమానించారు. ఆ మంటకూ ఎల్‌ఈడీ పట్టీకీ సంబంధం ఉందని కాదు. కళ్లకు కనిపించని చోట వదులుగా ఉన్న ఒక జాయింట్ ఏం చేయగలదో ఈ చుట్టుపక్కల వ్యాపారులకు బాగా తెలుసని చెప్పడానికే.

12 వోల్టులే కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. షాక్ కొట్టదు, నిజమే. కానీ 60 వాట్ల పట్టీకి 12 వోల్టుల్లో 5 యాంప్స్ పారుతుంది. రెండు సన్నని వైర్లు మెలితిప్పి టేపు చుట్టిన చోట ఆ కరెంటు వేడి పుట్టిస్తుంది. పక్కనే ప్లైవుడ్, పైన దుమ్ము. అందుకని జాయింట్లకు సోల్డరింగ్ చేయించండి, లేదా సరైన కనెక్టర్ వాడమనండి. డ్రైవర్‌ను మూసేసిన సీలింగ్‌లో వదిలేయొద్దు. దానికి గాలి కావాలి, మనకు చెయ్యి అందాలి. వార్డ్‌రోబ్ పైనో, అటక మీదో, లేదంటే సీలింగ్‌లో చిన్న తలుపు పెట్టించి దాని దగ్గరో ఉంచండి. ఆ తలుపు వల్ల అందం పోతుందని డిజైనర్ అంటే, రేపు సీలింగ్ పగలగొట్టాల్సి వస్తే ఎవరు డబ్బులిస్తారో అడగండి.

బిల్లెంత?

మన హాలు పట్టీ 134 వాట్లు. డ్రైవర్‌లో వృథా అయ్యేది కలిపితే 155 దాకా వస్తుంది. రోజుకు 5 గంటలు వెలిగిస్తే నెలకు 23 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఈ 23 చిన్న సంఖ్య కాదు, గీత దాటించేయగలదు. మీటరుకు 10 వాట్లకు బదులు 5 వాట్లది పెడితే సగానికి సగం తగ్గుతుంది. గాడిలో మెత్తని వెలుగుకు చాలామందికి అది చాలు. వెలుగు తగ్గించి పెంచుకునే డిమ్మర్ కావాలంటే, దానికి పనికొచ్చే డ్రైవర్‌నే ముందు కొనాలి. ఫ్యాన్ రెగ్యులేటర్‌కు తగిలించొద్దు.

బయల్దేరే ముందు ఈ కింది ముక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

గాడి కొలత మీటర్లలో. ఎన్ని వోల్టులు? మీటరుకు ఎన్ని వాట్లు? కెల్విన్ ఎంత? సీఆర్‌ఐ ఎంత? అన్ని చుట్టలూ ఒకే బ్యాచ్‌వేనా? డ్రైవర్ వాట్లు, దాని మీద ఆర్ నంబర్. డ్రైవర్ ఎక్కడ పెడతారు, చెయ్యి అందుతుందా? బిల్లు.

అదే స్క్రీన్‌షాట్ మీ ఎలక్ట్రీషియన్‌కూ, సీలింగ్ మేస్త్రీకీ వాట్సాప్ చేయండి. బోర్డు బిగించే రోజు కాదు, దానికి వారం ముందు.