లక్షణాలకు ముందే మారే మెదడు

అంటువ్యాధి అనగానే బయటినుండి ప్రవేశించిన ఒక సూక్ష్మజీవిని ఊహించుకొనుట మనకు అలవాటు. ఆ అలవాటును కదిలించినవి ప్రయాన్ వ్యాధులు. గొర్రెలకు వచ్చే స్క్రేపీ, పశువులకు వచ్చే పిచ్చి ఆవు వ్యాధి, మానవులకు వచ్చే క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి ఈ కోవకు చెందినవి. వీటికి మూలం మడత తప్పిన ఒక ప్రోటీను అని 1982లో స్టాన్లీ ప్రూసినర్ ప్రతిపాదించినప్పుడు శాస్త్రజ్ఞులలో అనేకులు విశ్వసించలేదు. 1997లో ఆయనకే నోబెల్ బహుమతి లభించింది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఆ ప్రోటీను మన దేహంలోని జన్యువు ఆదేశంతో తయారయ్యేదే. వ్యాధి ముదిరినప్పుడు ఆ జన్యువు విజృంభిస్తుందని ఎవరైనా అనుకుంటారు. కాని ఆ జన్యువు పంపే సందేశం, అనగా ఆర్.ఎన్.ఏ. పరిమాణం, ఆరోగ్యవంతమైన మెదడులోను, వ్యాధి సోకిన మెదడులోను దాదాపు సమానమేనని 1985 నాటి ప్రయోగాలలో తేలింది. మారినది ప్రోటీను ఆకృతి మాత్రమే.

అయితే తక్కిన జన్యువులు నిశ్చలంగా ఉండవు. ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలలో జి.ఎఫ్.ఎ.పి. అనే జన్యువు ఉద్ధృతంగా పనిచేస్తుంది. మైక్రోగ్లియా అనే రక్షక కణాల జన్యువులు మేల్కొంటాయి. నాడీకణాల మధ్య సంబంధాన్ని నిలిపే జన్యువులు క్రమంగా సన్నగిల్లుతాయి. ఎలుకలలో ఈ మార్పులలో కొన్ని, వ్యాధి లక్షణాలు బయటపడక పూర్వమే కనిపించాయి.

మా దృష్టిలో అసలు విషయం ఇదే. రోగి వైద్యుని చేరేసరికి ఎన్నో నాడీకణాలు నశించి ఉంటాయి. ఇప్పటివరకు ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. కాని 2003లో లండన్ పరిశోధకులు, వ్యాధి సోకిన ఎలుకల నాడీకణాలలో ఆ ప్రోటీను తయారీని నడుమనే ఆపగా, మెదడులో తొలిదశలో ఏర్పడిన మార్పులు వెనుకకు మళ్ళాయి. సకాలంలో గుర్తిస్తే కొంత నష్టాన్ని నివారించవచ్చునన్న ఆశకు అది ఆధారం. జన్యువులలో కనిపించే ప్రతి మార్పూ హానికరం కాదు. కొన్ని మెదడు చేసుకునే ఆత్మరక్షణ కావచ్చు. ఏది హాని, ఏది రక్షణ అని విడదీయుటకు ఓర్పు కావాలి.

“ఎలుకల మెదడు చదివితే మనకేమి లాభం?” అని అడిగేవారికి మేము చెప్పదలచిన సమాధానం ఇదే. విద్యార్థి సోదరీ సోదరులు పరీక్షలకు అవసరమైనంత జీవశాస్త్రంతో తృప్తి చెందరాదు. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయంలో ఇటువంటి పరిశోధనలను తెలిపే పత్రికలకు చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాము.