వంటయింటి విచారము: స్టీలు పాత్రలు కొనుట యెట్లు?

గృహమునందలి వస్తువులు రెండు తెగలు: చూచుటకు కొన్నవి, వాడుటకు కొన్నవి. వంటపాత్రలు రెండవ తెగలోనివి. అయినను అంగడికి పోయినపుడు మనము వాని తళతళను చూచి, లెక్కను చూచి కొనుచున్నాము. ఆడపిల్లను కాపురమునకు పంపునపుడు "ఇన్ని పాత్రలు పెట్టితిమి" అని చెప్పుకొనుటకై ఇరువదియొక్క పాత్రల సెట్టును కొని, వానిపై పేర్లు చెక్కించి పంపుదుము. ఏడాది తిరుగక మునుపే పాలగిన్నె యడుగు మాడును. పప్పుగిన్నె యడుగు ఉబ్బి పొయ్యిమీద నిలువదు. మూతల పిడులు ఊడును. సగము సామాను అటుకపై కెక్కును. ఇచ్చినవారి సొమ్ము ఒక్కసారియే పోవును గాని, ఆ మాడును తోమెడి పిల్ల శ్రమ దినదినమును పోవుచునే యుండును. కావున ఈ మాసము స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలను పరీక్షించి కొను విధమును విచారింతము.

మన పెద్దలు ఇత్తడిపాత్రలకు కళాయి పూయించెడివారు. పులుసు కాచుటకు రాచిప్పలను వాడెడివారు. చింతపండు పులుపు తగిలిన ఇత్తడి చిలుమెక్కి పదార్థము చెడుననియే ఈ జాగ్రత్త. స్టెయిన్‌లెస్ స్టీలునకు కళాయి యక్కరలేదు. ఉక్కులో క్రోమియమను లోహము నూటికి కనీసము 10.5 పాళ్లు కలిసియున్నచో, అది గాలియందలి ప్రాణవాయువుతో కూడి, కంటికి కానరాని పలుచని పొరయై, త్రుప్పును రానీయదు. తోమునపుడు గీత పడినను ఆ పొర తనంత తానే మరల ఏర్పడును. 1913లో ఇంగ్లాండునందలి షెఫీల్డు పట్టణమున హ్యారీ బ్రియర్లీ యను నతడు తుపాకిగొట్టములకు తగిన యుక్కును వెదకుచు ఇట్టి లోహమును చేసెను. అది తుపాకులకంటె ముందు కత్తులకును, తరువాత వంటయింటికిని ఉపకరించినది.

అయితే స్టీలు అన్నదంతయు ఒక్కటి కాదు. 304 అను రకమున నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. 18/8 అని పాత్రపై వ్రాయునది దీనినే. పులుపునకు, ఉప్పునకు ఇది చక్కగా ఓర్చును. 430 అను రకమున క్రోమియమే గాని నికెలు దాదాపు ఉండదు; ధర తక్కువ, ఓర్పును కొంత తక్కువ. 201, 202 అను రకములలో నికెలును తగ్గించి మాంగనీసును చేర్చుదురు. ఇవి చూపునకు 304 వలెనే మెరయును గాని, ఉప్పు పులుసులకు అంతగా ఓర్వవు. కావున అంగడివానిని "మంచి స్టీలేనా?" అని యడుగక, "ఏ రకము?" అని యడుగుడు. భారత ప్రమాణముల సంస్థ స్టీలు వంటపాత్రలకు ఐ.ఎస్. 14756 అను ప్రమాణమును ఏర్పరచినది. ఆ సంఖ్యతో కూడిన ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూచుకొనుడు.

అయస్కాంతము అంటనిచో మంచి స్టీలని పలువురు నమ్ముదురు. ఇది సగము నిజము. 304 రకమునకు అయస్కాంతము సాధారణముగా అంటదు. కాని 201, 202 రకములకును అంటదు. మరియు ఇండక్షను పొయ్యిమీద వాడదగిన పాత్రలకు అడుగున అయస్కాంతమంటెడి స్టీలునే కావలెనని వేయుదురు. కావున అయస్కాంతము వలన పాత్ర ఆ పొయ్యికి పనికివచ్చునో రాదో తెలియును గాని, దాని నాణ్యము తెలియదు.

ఇంతకంటె ముఖ్యమైనది అడుగు. స్టీలు వేడిని మిక్కిలి మందముగా ప్రసరింపజేయును. అల్యూమినియము దానికంటె సుమారు పదునైదు రెట్లు, రాగి సుమారు ఇరువదియైదు రెట్లు త్వరగా ప్రసరింపజేయును. పలుచని స్టీలుగిన్నెలో మంట తగిలినచోటనే పాలు అడుగంటుటకు కారణమిదియే. దీనికై కొన్ని పాత్రల యడుగున మందమైన అల్యూమినియపు బిళ్లను స్టీలు రేకుల నడుమ అదిమి యుంతురు. మరికొన్నిటికి అడుగునుండి అంచువరకు నడిమి పొరగా అల్యూమినియమునే ఉంచుదురు. మూడు పొరల పాత్రలనునవి ఇవియే. కూరలు వేయించు బాణలికి ఇట్టిది మేలు. పప్పు, చారు కాచు గిన్నెకు అడుగుబిళ్ల చాలును. పైపూతగా మాత్రమే వేసిన పలుచని రాగి అందమునకే గాని వేడికి అంతగా ఉపకరింపదు. ఒకే పరిమాణముగల రెండు గిన్నెలను చెరియొక చేతబట్టి చూచినచో బరువే చాల సంగతి చెప్పును. బల్లపై నుంచి, ఊగక నిలుచునేమో చూడుడు. మూత సరిగా కూర్చున్నదా, పిడులు గట్టిగా బిగింపబడినవా, అంచు చేతిని కోయకున్నదా పరీక్షింపుడు.

ఇక ఎన్ని కొనవలయును? నలుగురున్న ఇంటికి అన్నమునకొక తపేలా, పప్పుపులుసులకు రెండు గిన్నెలు, పాలకొకటి, కూరకొక బాణలి. మూతలతో ఈ అయిదే చాలును. దోసెలకు ఇనుపపెనమునకు మించినది లేదు. దానిని స్టీలుతో మార్చనక్కరలేదు. సెట్టుకు చెల్లించు సొమ్మునే ఈ అయిదింటికి వెచ్చించినచో గట్టివే దొరకును. తక్కిన డబ్బాలు, పళ్లెములు పొయ్యి నెక్కునవి కావు గనుక పలుచనివైనను దోషము లేదు.

తెచ్చిన పాత్రలను కాపాడుటయు తెలియవలయును. చల్లని నీటిలో ఉప్పు వేసి కాచినచో, ఉప్పు అడుగున నిలిచి సన్నని గుంటలు పడును. నీరు కాగిన పిదపనే వేయుడు. కూర అంటకుండవలెనన్న ఖాళీ బాణలిని నడిమి సెగను కొంచెము వేడిచేసి నీటిబొట్టు వేయుడు. అది సుయ్యని యెగిరిపోక, తామరాకుమీది బిందువువలె దొర్లినపుడు మంట తగ్గించి నూనె పోయుడు. తెల్లని మరకలు, ఇంద్రధనుస్సు రంగులు పట్టినచో చింతపండుతోగాని నిమ్మచెక్కతోగాని రుద్దిన పోవును. మాడినదానిని ఇనుపపీచుతో గీకక, నీరు పోసి కాచి నానబెట్టుడు. క్రొత్తపాత్రలో పులుపు చాలసేపు ఉడికినచో నికెలు మిక్కిలి స్వల్పముగా దిగును, వాడినకొలది తగ్గును. నికెలు నగలవలన దురద పుట్టువారు మాత్రము పులుసునకు మట్టికుండనుగాని రాచిప్పనుగాని వాడుట మంచిది.

పెండ్లి సామానును బంధువులు చూచునది ఒక్కపూట. దానితో వండుకొనునది ఆ పిల్ల, ఏండ్ల తరబడి. కనుక తల్లులారా, సామాను కొనునపుడు ఎన్ని యని లెక్కించుటకు ముందు, ఒక్కొక్క గిన్నెను బోర్లించి దాని యడుగును చూడుడు.