రేవు పడవలకు సూర్యశక్తి

ఎండతో పడవ నడచునా యని యడిగినచో మన రేవులలో పలువురు నవ్వుదురు. కేరళమునందు వైకోము, తవణక్కడవు రేవుల నడుమ "ఆదిత్య" యను పడవ 2017 జనవరిలో ప్రవేశించిన నాటినుండి ఆ నవ్వునకు కారణము లేకపోయినది. ఇది 75 మంది కూర్చుండు పడవ. ఆ రాష్ట్రపు జలరవాణా శాఖ వారిది. పైకప్పున పరచిన సౌరఫలకములు 20 కిలోవాట్లవి. అడుగున రెండు విద్యుత్ మోటార్లు, శక్తిని నిలువచేయుటకు 50 యూనిట్ల బ్యాటరీ గలవు. వెంబనాడు సరస్సుపై సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరమును పావుగంటలో దాటును. ఎండ చాలని దినములలో రేవునందలి కరెంటుతో బ్యాటరీని నింపుకొనును.

ఇందు అద్భుతమేమియు లేదు. కాలువగట్టున ఇద్దరు మనుష్యులు త్రాడు భుజమున వేసికొని, బస్తాలతో నిండిన పడవను లాగికొనిపోవుట గోదావరి డెల్టాలోని పెద్దలెరిగినదే. టన్నులకొలది బరువును ఇద్దరెట్లు లాగగలిగిరి? నెమ్మదిగా లాగిరి గనుక. నీరు మెల్లగా పోవువానికి దారి విడుచును, తొందరపడువానికి అడ్డు నిలుచును. పడవ వేగము రెట్టింపు కావలెనన్న సుమారు 8 రెట్ల శక్తి కావలసియుండును. దినమంతయు కష్టించు మనుష్యుని బలము 75 వాట్లకు మించదు. ఒక చదరపు మీటరు ఫలకము మిట్టమధ్యాహ్నపు టెండలో 200 వాట్ల వరకు నిచ్చును. అనగా నులకమంచమంత ఫలకము ఆ వేళకు ఐదుగురు కూలీల పని చేయుచున్నదన్నమాట.

అట్లని ప్రతి పడవను ఎండకే అప్పగింపవచ్చునను ఉత్సాహవంతులతో మేమేకీభవింపజాలము. లీటరు డీసెలునందు సుమారు 10 యూనిట్ల శక్తి యిమిడియున్నది. ఇంజను అందు 3 యూనిట్లంత పని చేసి, తక్కినదానిని వేడిగను పొగగను విడుచును. అంత దుబారా చేసినను, "ఆదిత్య" బ్యాటరీ యంతయు ఖాళీయగువరకు చేయు పని 17 లీటర్ల డీసెలుతో సరి! కాకినాడనుండి దూరసముద్రమునకు పోయి దినములకొలది నిలుచు మరపడవకు ఇది యే మూలకు? ఆ మత్స్యకారులను ఇంజను తీసివేయుడనుట వారి పొట్టగొట్టుటయే యగును. వరద గోదావరికి ఎదురేగవలసిన పడవ సంగతియు నట్టిదే.

రేవు పడవ యట్లు కాదు. పోవలసిన దూరము తెలిసినది, తొందర లేదు, జనము ఎక్కుచు దిగుచు నుండగా ఒడ్డున నిలుచు కాలము గలదు. "ఆదిత్య" రెండు అడుగుభాగములు గల జంటపడవ. రెండు పడవలపై బల్లలు పరచిన మన బల్లకట్టుకు ఇది దూరపు చుట్టము కాదు. వెడల్పుచే ఒరగదు, ఫలకములకు చోటును చిక్కును.

మన రేవులలో ఇట్టివి వ్యాపించుటకు అడ్డు యంత్రములో లేదు, వేలములో నున్నది. చాలచోట్ల రేవును ఏటేట పాటకిచ్చుచున్నారు. డీసెలు ఇంజను తక్కువ వెలకు దొరకును. దాని ఖర్చు దినదినము ప్రయాణికుల ఛార్జీనుండి వచ్చును. సౌరపడవ వెలను ముందుగనే చెల్లింపవలెను; మిగులు ఏండ్ల తరబడి గాని రాదు. వచ్చు సంవత్సరము రేవు తనదగునో కాదో యెరుగని పాటదారు అంత సొమ్మును నీటిపై ఏల పెట్టును? వానిని మేము తప్పుపట్టము.

స్థానిక సంస్థలు పడవను తామే కొని, నడుపుటను మాత్రము పాటకిచ్చుట యొక త్రోవ. పాటను ఏడెనిమిదేండ్లకు పొడిగించుట మరియొకటి. మొదటిదే మేలని మా తలంపు; దీర్ఘకాలపు పాట బలవంతుని చేజిక్కినచో ఛార్జీలు పెరుగుటకు అదియే సాధనము కాగలదు. కోనసీమలో ఒక చిన్న రేవును ఎన్నుకొని, వర్షకాలముతో సహా ఒక యేడు నడిపి, ఎంత కరెంటు కొనవలసివచ్చినది, ఉప్పుగాలికి తీగె లెట్లు నిలిచినవి, బ్యాటరీ బలమెంత తగ్గినది, అన్ని లెక్కలను రేవుననే పలకమీద వ్రాసి ప్రకటింపవలెను. సరంగులకు మోటారు విప్పి బిగించు పని ముందుగనే నేర్పవలెను. చెడిన ప్రతిపర్యాయమును కొచ్చినుండి మనిషి రావలసియున్నచో, రెండవ నెలలోనే జనము పాత ఇంజనును వెదకికొందురు.