కాన్‌స్ట్ జపంతో లైబ్రరీ బాగుపడదు

"మార్చాల్సిన పనిలేని ప్రతిదానికీ కాన్‌స్ట్ తగిలించండి, దానికి ఖర్చేమీ లేదు" అని ఈమధ్య ఒక శిక్షణ తరగతిలో ఓ పెద్దమనిషి కుర్రాళ్లకు నూరిపోశాడు. వాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. ఖర్చు లేకపోవడమేమిటి? ఉంది. అది లైబ్రరీ రాసేవాడి నెత్తిన పడుతుంది, ఆ తర్వాత దాన్ని వాడే మనందరి నెత్తినా పడుతుంది.

పాత సీ ప్రమాణాల్లోని స్ట్ర్‌చార్ చూడండి. స్ట్రింగ్‌లో ఒక అక్షరం ఎక్కడుందో వెతికి పాయింటర్ ఇస్తుంది. తానేమీ మార్చదు గనక కాన్‌స్ట్ పాయింటర్ తీసుకుంటుంది. మరి తిరిగిచ్చేది? మామూలు పాయింటర్! చూడ్డానికని ఇచ్చిన పొలం పాస్‌బుక్కు అమ్ముకునే హక్కుతో తిరిగొచ్చినట్టుంది. కంపైలర్ కిమ్మనదు. కాన్‌స్ట్‌గా ప్రకటించిన అర్రేలో ఆ పాయింటర్‌తో ఒక్క అక్షరం మార్చినా, ప్రోగ్రాం ఏమైపోతుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు.

1989 ప్రమాణం రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. తిరిగిచ్చేదీ కాన్‌స్ట్ చేస్తే, మార్చుకునే హక్కున్నవాడు ప్రతిసారీ కాస్ట్ చేసుకోవాలి. "ఏ అనుమతితో ఇస్తే ఆ అనుమతితోనే తిరిగిస్తాను" అని చెప్పే వీలు అప్పట్లో ఆ భాషలో లేదు. అందుకే ఫంక్షన్ నుదుటనే అబద్ధం రాశారు. దాన్ని దిద్దిన సీ23 ప్రమాణం 2024లో అచ్చయింది. 35 ఏళ్లు!

సీ++ అబద్ధం మాని జంటలు పెట్టింది. స్ట్ర్‌చార్‌కి రెండు రూపాలు, వెక్టర్‌లో బిగిన్‌కి రెండు, ఎట్‌కి రెండు. చేసే పని ఒకటే, తేడా ఆ కాన్‌స్ట్ ఒక్కటే. సీ++23లో కొంత ఊరట దొరికింది గానీ పాత కోడ్‌కి అది అందదు. మార్పు కావాలంటే అడిగి తీసుకోవాలని మొదటినుంచీ నియమం పెట్టిన రస్ట్‌లోనూ ఇదే గోల: గెట్, గెట్ మ్యూట్, ఐటర్, ఐటర్ మ్యూట్, స్ప్లిట్ ఎట్, స్ప్లిట్ ఎట్ మ్యూట్. సొంతంగా ఒక కంటైనర్ రాసినవాడికి ఈ విసుగు తెలుసు. ఒకదాంట్లో తప్పు దిద్ది రెండోదాన్ని మరిచిపోయిన ప్రోగ్రామర్‌ని అందరూ తిడతారు. అతని చేత ఒకే పనిని రెండుసార్లు రాయించిన నియమాన్ని మాత్రం ఎవరూ ఒక్క మాటా అనరు.

జావా సంగతి మరీ అన్యాయం. అన్‌మాడిఫయబుల్ లిస్ట్‌ని సార్ట్‌కిస్తే కంపైలర్ ఒప్పేసుకుంటుంది, ప్రోగ్రాం నడుస్తుండగా ఎక్సెప్షన్ పడుతుంది.

డీ భాషలో ఇన్‌అవుట్ ఉంది. ఒకే ఫంక్షన్, వచ్చిన అనుమతే తిరిగి వెళ్తుంది. దాని మెలికలు దానికున్నాయి, అయినా వెళ్లాల్సిన దారి అటే.

కొత్త భాషలు కట్టేవాళ్లారా, మార్చకూడదనే నియమం పెట్టే ముందు ఒక వెతుకులాట ఫంక్షన్‌ను ఆ నియమం కింద ఒకే ఒక్కసారి, అబద్ధం లేకుండా రాసి చూపించండి. రాయలేకపోతే మీ నియమం ఇంకా తయారు కానట్టే.